తలస్నానం చేశాక చెవి దిబ్బడ పడింది: గుబిలి ఇంట్లోనే తీయవచ్చా?

గోదావరి_గట్టు:
నాన్నగారికి 64 ఏళ్లు. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. నిన్న తలస్నానం చేశాక కుడి చెవి దిబ్బడ పడింది. నొప్పి, చీము, కళ్లు తిరగడం ఏమీ లేవు. టార్చ్ వేసి చూస్తే ముదురు గోధుమరంగు గుబిలి కనిపిస్తోంది. ఇంట్లో ఒకరు వెల్లుల్లి కాచిన నూనె పోయమంటున్నారు, ఇంకొకరు సిరంజితో నీళ్లు కొట్టమంటున్నారు. ఏది చేయవచ్చు? ఎన్ని చుక్కలు, ఎన్ని రోజులు?

మందులచీటీ:
లోపల ముందే పేరుకున్న గుబిలి నీళ్లు తగిలి ఉబ్బుతుంది. మిగిలిన సందు కూడా పూడిపోతుంది కాబట్టే తలస్నానం అయిన వెంటనే దిబ్బడ పడుతుంది. గుబిలి చెవి దారి బయటి మూడో వంతులోనే పుడుతుంది, చర్మంతో పాటు మెల్లగా బయటికే జరుగుతుంది. కర్ణభేరి దగ్గర గట్టిగా కూరుకుందంటే చాలాసార్లు ఇయర్‌బడ్డో పిన్నీసో దాన్ని లోపలికి నెట్టినట్టే.

ముందు మెత్తబడనివ్వండి. శుభ్రమైన ఆలివ్ నూనె గానీ కొబ్బరినూనె గానీ చాలు. సీసాను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, ఒక చుక్క ముంజేతి మీద వేసి చూడండి. వేడీ చల్లనా తెలియకూడదు. తేడా ఉంటే కళ్లు తిరుగుతాయి. ఆయన్ను ఎడమ పక్కకి పడుకోబెట్టి, చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగితే దారి తిన్నగా అవుతుంది (చిన్నపిల్లలకైతే కిందికీ వెనక్కీ). 3 చుక్కలు వేసి, రంధ్రం ముందున్న బుడిపెను నాలుగైదుసార్లు మెల్లగా నొక్కండి. 10 నిమిషాలు అలాగే ఉండాలి. లేచాక కారినది బయట తుడిస్తే సరి. దూది కుక్కవద్దు, వేసిన నూనెంతా అదే పీల్చుకుంటుంది. రోజుకు మూడుసార్లు, 5 రోజులు.

రెండో రోజుకి దిబ్బడ ఇంకా పెరిగినట్టు అనిపించవచ్చు. మెత్తబడిన గుబిలి ఉబ్బడం వల్ల అలా ఉంటుంది. చాలామంది అక్కడే కంగారుపడి పుల్ల పెడతారు.

కర్ణభేరికి రంధ్రం ఉన్నా, ఇదివరకు చెవికి ఆపరేషన్ అయినా, చీము కారుతున్నా ఇవేమీ వేయకూడదు.

వరంగల్_శ్రోత:
వెల్లుల్లి నూనె వద్దండీ. పచ్చి వెల్లుల్లి రసానికి చర్మం కాలుతుంది, కాచిన నూనె ఎంత వేడిగా ఉందో గిన్నెలో చూస్తే తెలియదు. చెవిలో పెట్టి వెలిగించే గొట్టాల కొవ్వొత్తులూ అంతే: అవి గుబిలిని పీల్చవు, చివర మిగిలేది కాలిన మైనమే.

షాపులో ఇచ్చే గుబిలి చుక్కల్లో కొన్నిటిలో పారాడైక్లోరోబెంజీన్, టర్పెంటైన్ ఉంటాయి. కొందరికి మండుతుంది. మంట మొదలైతే ఆపేసి నూనెకే రండి.

చెవిముక్కుగొంతు:
సిరంజి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ షుగర్ ఉంది. షుగర్ ఉన్న పెద్దవారికి ఇంట్లో నీళ్లు కొట్టవద్దు. దారిలో చర్మం చిన్నగా గీసుకుని తడి నిలిస్తే, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరి ఇన్ఫెక్షన్ ఎముకదాకా పాకే ప్రమాదం వీళ్లకే ఎక్కువ. రాత్రిళ్లు పెరిగే తీవ్రమైన చెవినొప్పి దాని గుర్తు, అది కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి. 5 రోజుల నూనెకి తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు మైక్రోస్కోపు కింద చూస్తూ సక్షన్‌తో తీస్తారు. అప్పటికి గుబిలి మెత్తబడి ఉంటుంది కాబట్టి పని తేలికవుతుంది.

గోదావరి_గట్టు:
ధన్యవాదాలండీ. గుబిలి కనిపిస్తున్నా, వినికిడి తగ్గింది దానివల్లేనని ఎలా తెలుస్తుంది?

చెవిముక్కుగొంతు:
మంచి ప్రశ్న. నోరు మూసుకుని ‘మ్‌మ్‌మ్’ అనమనండి. దారి మూసుకుపోయి ఉంటే ఆ శబ్దం దిబ్బడ పడిన కుడి చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. బాగున్న ఎడమ చెవిలో గట్టిగా వినిపిస్తే లోపలి చెవి నరం దెబ్బతిని ఉండవచ్చు. అలా అయితే నూనెతో 5 రోజులు పోగొట్టవద్దు. స్టెరాయిడ్ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, రెండు వారాలు దాటితే వినికిడి తిరిగొచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. ఇది ఇంట్లో చూసుకునే గుర్తు మాత్రమే. ఏ చెవో ఆయన తేల్చుకోలేకపోయినా, కొత్తగా హోరు మొదలైనా రేపే చూపించి ఆడియోగ్రామ్ (వినికిడి ఎంత ఉందో కొలిచే పరీక్ష) తీయించండి.