రూటర్ పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చినా బాట్‌నెట్ మెసేజ్ ఆగట్లేదు

ప్రశ్న, కడప ఎర్రముక్కపల్లి నుంచి:
అన్నలకు, అక్కలకు నమస్కారం. నాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, నాలుగు కెమెరాల రికార్డింగ్ పెట్టె (డీవీఆర్) ఉన్నాయి. పదిహేను రోజులుగా నెట్ సతాయిస్తోంది. రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే చక్కగా వస్తుంది, గంటా రెండు గంటల్లో మళ్లీ మొదటికే. నిన్న నెట్ వాళ్ల నుంచి "మీ కనెక్షన్‌లో బాట్‌నెట్ కనిపించింది, శుభ్రం చేసుకోండి" అని మెసేజ్ వచ్చింది. వైఫై పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చినాను. రెండు కంప్యూటర్లలోనూ యాంటీవైరస్ నడిపితే ఏమీ లేదంది. జనం ఆధార్ కార్డులు, పాసుబుక్కులు నన్ను నమ్మి నా చేతిలో పెడతారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ చూడాలి?

ప్రొద్దుటూరు నుంచి:
అక్కా, రూటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో రీసెట్ నొక్కి పట్టుకోండి. అన్నీ చెరిగిపోతాయి. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంటే సరి.

ఎర్రముక్కపల్లి:
అదీ అయింది తమ్ముడూ. కెమెరాల ఆయన వచ్చి మళ్లీ సెట్ చేసి పోయినాడు. ఆ సాయంత్రమే మళ్లీ మొదలు.

ఏడురోడ్ల దగ్గర నెట్‌వర్క్ పని చేసేవాడిని:
అమ్మా, ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగవడం, రెండు గంటలకు మళ్లీ రావడం, ఈ రెండూ కలిపి చూస్తే నాకు అనుమానం రూటర్ మీదే. మిరాయ్ అని ఒక మాల్వేర్ ఉంది, రూటర్లను, కెమెరాలను పట్టి దొంగల మాట వినే యంత్రాల గుంపుగా, అంటే బాట్‌నెట్‌గా మారుస్తుంది. ఆ తరహావి మామూలుగా రూటర్ ర్యామ్‌లోనే ఉంటాయి. కరెంటు తీస్తే పోతాయి. కానీ అవి వచ్చిన దారి తెరిచే ఉంటుంది కదా. ఇంటర్నెట్టంతా రాత్రీ పగలూ వెతికే ప్రోగ్రాములు అదే దారిన మళ్లీ వస్తాయి. రీసెట్ చేసినా ఫర్మ్‌వేర్ (రూటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) పాతదే కాబట్టి దారి మూసుకోదు.

ఆ దారి ఎట్లా ఉంటుందో చెబుతా. రూటర్ పేజీలో డయాగ్నస్టిక్స్ అని ఒక చోటు ఉంటుంది, అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూడటానికి అక్కడ 8.8.8.8 అని దాని ఐపీ నంబరు కొట్టి పింగ్ నొక్కుతాం. లోపల ఉన్నది చిన్న లినక్స్ కంప్యూటర్. అది మనం కొట్టిన మాటను తీసుకుని "పింగ్" అనే ఆదేశం పక్కన అతికించి షెల్‌కు, అంటే ఆదేశాలు చదివి నడిపే ప్రోగ్రాముకు, ఇస్తుంది. షెల్‌కు సెమికోలన్ (;) అంటే ఒక ఆదేశం ముగిసింది, ఇంకోటి మొదలైంది అని అర్థం. ఎవరైనా "8.8.8.8; రీబూట్" అని కొడితే? పింగ్ చేస్తుంది, ఆ తర్వాత తనంతట తానే రీబూట్ అవుతుంది. రీబూట్ ఉన్న చోట "ఫలానా సైటు నుంచి ఈ ఫైలు దించుకుని నడుపు" అని ఉంటే ఆ పనీ చేస్తుంది. చాలా ఇంటి రూటర్లలో ఈ వెబ్ పేజీ నడిచేది రూట్ అధికారంతోనే, అంటే అన్నిటికీ పైఅధికారంతోనే, అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. దీన్నే కమాండ్ ఇంజెక్షన్ అంటారు.

మీరు మార్చింది వైఫై పాస్‌వర్డ్. దానికీ దీనికీ సంబంధం లేదు. కొన్ని రూటర్లలో అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా కాపాడదు. 2018లో దాసాన్ జీపాన్ రూటర్లలో అడ్రస్ చివర ఒక ముక్క తగిలిస్తే లాగిన్ అడగకుండానే లోపలికి పోవచ్చని బయటపడింది. లోపల సరిగ్గా ఈ పింగ్ పెట్టెలోనే ఇంజెక్షన్. టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్21లో అయితే దేశం ఎంచుకునే చోట దొరికింది, లాగిన్ అక్కర్లేదు. 2022 డిసెంబరులో టొరంటోలో జరిగిన పోనుటుఓన్ అనే హ్యాకింగ్ పోటీలో దాన్ని చూపించారు, 2023 మార్చిలో కంపెనీ సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇచ్చింది, ఏప్రిల్‌లో మిరాయ్ దాన్ని వాడటం మొదలుపెట్టింది. అప్‌డేట్ వేసుకోని వాళ్లే దొరికిపోయారు.

ముందు ఒక పని చేయండి. మిరాయ్ మొదట్లో ఎక్కువగా పట్టింది కెమెరాలను, డీవీఆర్‌లనే. కాబట్టి ఒక రోజు డీవీఆర్ నెట్ కేబుల్ పీకి పెట్టండి. అయినా నెట్ మొరాయిస్తే రూటరే. తర్వాత రూటర్ పేజీలో మూడు చూడండి: ఫర్మ్‌వేర్ తేదీ, రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రూటర్ పేజీ తెరవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉందా, డీఎన్‌ఎస్ (సైటు పేరుకు దాని ఐపీ నంబరు చెప్పే సర్వర్) చోట మీకు తెలియని నంబరు ఉందా. ఈ లోపల బ్యాంకు సైటు తెరిచినప్పుడు సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే ఎంత తొందరున్నా ముందుకు పోవద్దు.

ప్రొద్దుటూరు:
అన్నా, నా రూటరూ ఐదారేళ్ల పాతదే. నాకెందుకు రాలేదు?

ఏడురోడ్లు:
రూటర్ పేజీలో వాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ నీ రూటర్‌కు ఇచ్చిన నంబరు చూడు తమ్ముడూ. 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే నువ్వు నెట్ కంపెనీ సీజీ-నాట్ (చాలామందికి ఒకే బయటి ఐపీ పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టు. బయటివాళ్లు నేరుగా నీ రూటర్ తలుపు తట్టలేరు. అంతమాత్రాన నిశ్చింతగా ఉండొద్దు. ఇంట్లో ఒక ఫోనుకో కంప్యూటర్‌కో ఏదైనా పట్టిందంటే లోపలి నుంచే రూటర్ మీదికి పోతుంది.

పులివెందుల, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం:
అన్నా, ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు సెమికోలన్ ఒక్కటి తీసేస్తే సరిపోదా?

ఏడురోడ్లు:
సరిపోదు, చాలామంది పొరబడేది అక్కడే. సెమికోలన్ తీసేస్తే నిలువు గీత ఉంది, ఆంపర్‌సాండ్ ఉంది, బ్యాక్‌టిక్ ఉంది, డాలర్ పక్కన బ్రాకెట్ ఉంది, కొత్త లైను ఉంది. చెడ్డవి ఏరుతూ పోతే ఒకటి మిగిలే ఉంటుంది. ఐపీ అడిగిన చోట అంకెలు, చుక్కలు తప్ప ఇంకేదీ తీసుకోకూడదు. అంతకంటే ముఖ్యం, షెల్‌ను పిలవకుండా ప్రోగ్రామును నేరుగా నడిపి, ఐపీని విడి ఆర్గ్యుమెంటుగా ఇవ్వాలి. అప్పుడు సెమికోలన్ వచ్చినా అది ఉత్త అక్షరమే.

పులివెందుల:
అర్థమైంది అన్నా. మా హాస్టల్ రూటర్ మీద ఒకసారి ప్రయత్నించి చూస్తా.

ఏడురోడ్లు:
వద్దు నాయనా. మనది కాని రూటర్‌ను అనుమతి లేకుండా ముట్టుకుంటే ఐటీ చట్టం 66వ సెక్షన్, మూడేళ్ల వరకు జైలు లేదా ఐదు లక్షల వరకు జరిమానా, రెండూ పడొచ్చు. ఇంట్లో పాత రూటర్ ఉంటే నెట్ కేబుల్ పీకేసి దాని మీద నేర్చుకో. ఎక్కడ ఇరుక్కున్నా ఇక్కడే అడుగు, చెబుతా.

ఎర్రముక్కపల్లి, రెండు రోజుల తర్వాత:
అన్నా, మీరు చెప్పినట్టే చేసినాను. డీవీఆర్ కేబుల్ పీకినా సాయంత్రానికి నెట్ పడిపోయింది. ఫర్మ్‌వేర్ తేదీ 2017. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంది. కెమెరాలు ఫోన్‌లో కనబడాలని స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని నంబరు) తీసుకున్నప్పుడు ఆన్ చేసినారంట. డీఎన్‌ఎస్ నంబర్లు నెట్ వాళ్లవేనని ఫోన్ చేసి కనుక్కున్నా. కంపెనీ సైటులో నా మోడల్‌కు ఇక అప్‌డేట్లు రావని రాసి ఉంది. కంపెనీ ఫర్మ్‌వేర్ బదులు వేసుకునే ఉచిత ఓపెన్‌వర్ట్ ఉందంట, అది వేస్తే బతుకుతుందా?

ఏడురోడ్లు:
4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాత రూటర్లకు ఇప్పటి ఓపెన్‌వర్ట్ సరిపోదమ్మా. సరిపోయే మోడలైనా, మధ్యలో కరెంటు పోతే రూటర్ పనికిరాకుండా పోవచ్చు. నడుస్తున్న షాపులో ఆ ప్రయోగం వద్దు. కొత్తది కొనండి, కొనేముందు దాని కంపెనీ సైటులో చివరి ఫర్మ్‌వేర్ తేదీ చూడండి. ఏడాదిగా ఏమీ రాకపోతే అంగట్లో ఎంత చౌకగా ఇచ్చినా నేనైతే కొనను. పాతది తీసేముందు నెట్ వాళ్ల దగ్గర పీపీపీఓఈ (రూటర్ నెట్‌కు కలిసే లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాయించుకోండి, లేకపోతే ఆదివారం సాయంత్రం వాళ్ల ఫోను కోసం కూర్చోవాలి. కొత్తదానికి నెట్ తగిలించిన వెంటనే ఫర్మ్‌వేర్ అప్‌డేట్, ఆ తర్వాతే మిగతా సెట్టింగులు. ఆటో అప్‌డేట్ ఉంటే ఆన్ చేయండి, యూపీఎన్‌పీ (లోపలి పరికరాలు తమంతట తామే బయటికి దారి తెరుచుకోనిచ్చేది) ఆఫ్ చేయండి.

ఎర్రముక్కపల్లి:
కొత్తది పెట్టి ఐదు రోజులైంది అన్నా. ఒక్కసారి కూడా ఆఫ్ చేయలేదు, మెసేజ్ కూడా రాలేదు. కెమెరాల ఆయన మళ్లీ పోర్టు తెరవాలంటున్నాడు.

ఏడురోడ్లు:
తెరవనివ్వొద్దు. పోర్టు తెరవడమంటే బయటి నుంచి డీవీఆర్‌కు నేరుగా దారి ఇవ్వడమే. డీవీఆర్ కంపెనీ యాప్‌లో సీరియల్ నంబరుతో చూసే పద్ధతి ఉందేమో అడగండి. ఉంటే స్టాటిక్ ఐపీ కూడా వదిలేయవచ్చు, నెల బిల్లు తగ్గుతుంది. ఆయన కాదంటే నాకు ఫోన్ కలపమనండి, నేను మాట్లాడతా.