యెహోవా ఇల్లు ‘కట్టని’యెడలా, ‘కట్టించని’యెడలా?

చినగంజాం అబ్బాయి: వచ్చే నెల మా గృహప్రతిష్ఠ. గుమ్మం పక్కన నల్ల గ్రానైటు పలక మీద 127వ కీర్తన మొదటి వచనం చెక్కించాలని నాన్న పట్టు. ఆయన నోట ‘యెహోవా ఇల్లు కట్టనియెడల’ అని వస్తుంది. మేనత్తేమో ‘కట్టించనియెడల’ అంటుంది. ఇద్దరూ చిన్నప్పటి నుంచి అలాగే చదివారట. చెక్కేవాడు అక్షరానికింత అని తీసుకుంటాడు కాబట్టి ప్రస్తుతానికి నేను నాన్న పార్టీ.

సండేస్కూల్ టీచర్: అత్తగారే కరెక్టు. ‘యెహోవా ఇల్లు కట్టించనియెడల దాని కట్టువారి ప్రయాసము వ్యర్థమే.’ ‘ప్రయాసము’లో ‘ము’ కూడా వదలకండి.

వ్యాకరణం తాత: వచనం తేలింది సరే, ఆ ‘ఇంచు’ ఎందుకొచ్చిందో ఎవరూ అడగరేం? హీబ్రూ మూలంలో రెండుచోట్లా ఒకటే ధాతువు, ప్రేరణార్థకం లేదు. మనవాళ్లు మాత్రం యెహోవాకు ‘కట్టించు’, మేస్త్రీలకు ‘కట్టు’ అని పంచిపెట్టారు. అదే తెలుగుదనం. ఇంటాయన ఇల్లు కట్టిస్తాడు, తాపీ పట్టుకున్నవాడు కడతాడు. యెహోవాను యజమానిని చేశారన్నమాట.

సండేస్కూల్ టీచర్: అంత గట్టిగా గీత గీయలేం తాతగారూ. ధవళేశ్వరం దగ్గర ‘కాటన్ దొర కట్టించిన ఆనకట్ట’ అంటారు, ‘కాటన్ దొర కట్టిన ఆనకట్ట’ అనీ అంటారు. 1852లో పని పూర్తయ్యేదాకా దొర స్వయంగా రాళ్లు మోశాడని ఎవరూ అనుకోరు కదా. అసలు కీర్తన బలమంతా దేవుడే కడుతున్నాడనడంలో ఉంది. ‘కట్టించు’ అనేసరికి ఆయన కుర్చీ వేసుకుని పని చూస్తున్నట్టు అయిపోయింది.

హూస్టన్ కోడలు: మేం కట్టనూ లేదు, కట్టించనూ లేదు, బిల్డర్ దగ్గర కొన్నాం. పాస్టర్‌గారు ఇదే కీర్తన చదివారు 😀 నా డౌట్ వేరే. చిన్నప్పుడు ‘యెహోవా ఇల్లు’ అంటే చర్చి అనుకునేదాన్ని. చర్చి కట్టించకపోతే మన కష్టమంతా వృథా అని అర్థం చేసుకున్నా. చందాల ఆదివారం బాగా పనికొచ్చే అర్థం.

వ్యాకరణం తాత: అమ్మాయీ, అసలు చిక్కు అక్కడే ఉంది. ‘దేవుడు’ అయితే ‘దేవుని ఇల్లు’ అని రూపం మారి దారి చూపిస్తుంది. ‘యెహోవా’కు ప్రథమైనా షష్ఠి అయినా ఒకటే రూపం. అయితే ఒక ఆధారం ఉంది. యెహోషువ 24:15లో ‘నేనును నా యింటివారును’ అని యడాగమం వేశారు. ఇక్కడ ‘యెహోవా ఇల్లు’ అని విడిచిపెట్టారు. అంటే ‘యెహోవా’ దగ్గర ఆగి చదవమని.

పంతులమ్మ: అది అచ్చుకూర్పువాళ్ల ఇష్టం తాతగారూ, అందులో సిద్ధాంతమేమీ లేదు. ఇంకో సంగతి. ఈ కీర్తన సొలొమోను పేరున ఉంది, ఆయన మందిరం కట్టించినవాడు. కాబట్టి ఆ అమ్మాయి చిన్ననాటి అర్థం మరీ కొట్టిపారేసేది కాదు. పైగా మూడో వచనానికొచ్చేసరికి ‘కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము’ అంటాడు. హీబ్రూలో కట్టేవాళ్లకూ కొడుకులకూ మాటలు దగ్గరగా పలుకుతాయి. ఇల్లంటే గోడలా, వంశమా? ముందు అది తేల్చి ‘ఇంచు’ సంగతి చూడండి.

చినగంజాం అబ్బాయి: మేడమ్, నాకు పలక చాలు. వంశం తరవాత చూసుకుంటాం.

వ్యాకరణం తాత: ‘ఇంచు’ను అంత తేలిగ్గా తీసెయ్యకండి. భద్రాద్రి గోపన్న చెరసాలలో లెక్కలు అప్పజెబుతూ ఏమన్నాడు? ‘సీతమ్మకు చేయిస్తి చింతాకు పతకము.’ లక్ష్మణుడి ముత్యాల పతకమైనా, భరతుడి పచ్చల పతకమైనా అన్నీ ‘చేయిస్తి’. సొమ్ము తనదేనన్న ఉక్రోషమంతా ఆ ‘ఇ’లో ఉంది. ‘చేస్తి’ అని ఉంటే కంసాలి పాట అయ్యేది.

పంతులమ్మ: సొమ్ము తహసీలుది. అందుకేగా చెరసాల.

సండేస్కూల్ టీచర్: 👏 అయితే తాతగారూ, మీ లెక్క ప్రకారం కట్టించినవాడు ఊరికే పురమాయించినవాడు కాదు, కష్టం పడ్డవాడు. అలాగైతే ‘కట్టించనియెడల’కు నేనూ ఒప్పుకుంటా. కుర్చీ వేసుకుని చూసే యెహోవా మాత్రం వద్దు.

హూస్టన్ కోడలు: ‘చేయిస్తి’ తెలంగాణ రూపమా? మా అత్తగారు ‘నేను వస్తి, తింటి’ అంటారు. గోపన్నది నేలకొండపల్లి కదా, ఖమ్మం వైపు.

వ్యాకరణం తాత: అవునమ్మా, ఆ నేల మాటే.

కడప రెడ్డెమ్మ: అట్లా ఒక జిల్లాకు రాసిచ్చేస్తే ఎట్ల సామీ? మేమూ ‘పోతిని, వస్తిని’ అనే అంటాం. గోపన్న కాలానికి ఈ జిల్లాలెక్కడివి?

వ్యాకరణం తాత: మీరు ‘ని’ చేర్చి పలుకుతారు, ఆయన చేర్చలేదు. రెండూ ఒకటెలా అవుతాయి రెడ్డెమ్మగారూ?