లీనా, అజైలా: చిన్న షెడ్డుకి ఏది?

లేత్‌బాబాయ్: మా కస్టమర్‌ది లీన్ అట, రోజుకు రెండుసార్లు సరుకు పంపమంటాడు. ఇప్పుడు అజైల్ కూడా కావాలట, డ్రాయింగ్ మార్చిన వారంలో కొత్త పార్టు ఇవ్వాలి. రెండూ ఒకేసారి అయ్యే పనేనా?

కాన్‌బాన్‌కృష్ణ: లీన్ అంటే వృథా తీసేయడం, ఆర్డర్లు నిలకడగా ఉండాలి. ఏం అడుగుతారో తెలియని చోట అజైల్. దానికి మిషన్లు, మనుషులు కాస్త ఖాళీగా ఉండాలి. ముందు లీన్ చేయండి. సెట్టింగ్ మార్చడానికి నాలుగు గంటలు పట్టే షెడ్డుకి అజైల్ ఏంటి?

గుంటూరుగళ్ల: బట్టల కంపెనీ జారా రెండూ చేస్తుందిగా. రంగు వేయని గుడ్డ నిల్వ ఉంచుకుని, ఏది అమ్ముడవుతుందో చూసి రంగు వేస్తారు.

పాతటర్నర్: స్టాక్ లేకపోతే ఏమవుతుందో 1997 ఫిబ్రవరి 1న తేలింది. జపాన్‌లో టొయోటాకి పార్టులిచ్చే ఐసిన్ ప్లాంటు కాలింది, బ్రేకుల్లోని చిన్న వాల్వు దొరక్క టొయోటా లైన్లు ఆగాయి.

కాన్‌బాన్‌కృష్ణ: సగమే చెప్పావన్నా. కుట్టుమిషన్ల బ్రదర్ కంపెనీ కూడా ఆ వాల్వులు చేసిపెట్టింది. కొద్దిరోజుల్లోనే లైన్లు మళ్లీ నడిచాయి. అదీ లీన్ బలం.

పాతటర్నర్: ఎప్పుడూ చేయని పార్టు అప్పటికప్పుడు చేయడం లీనా? అజైల్ కాక మరేంటది?

కాన్‌బాన్‌కృష్ణ: వెండర్లతో ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తేనే అది జరిగింది. కాబట్టి లీనే.

రాత్రిషిఫ్ట్: ఇద్దరూ టీ తాగి రండి.

లేత్‌బాబాయ్: జపాన్ ఆపండయ్యా. పోయిన నెల 1,200 గన్‌మెటల్ బుష్‌లు చేసిపెట్టాక రివిజన్ వచ్చింది. బోరు, అంటే బుష్ లోపలి రంధ్రం, పెంచితే మళ్లీ లేత్ మీద ఎక్కించేవాణ్ణి. తగ్గించారు! వాళ్ల గోడౌన్‌లో స్టాక్ సున్నా అని ఆడిట్‌లో శభాష్ అన్నారట. ఆ స్టాకంతా మా షెడ్డులో, నా సీసీ (బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు) వడ్డీ మీద కూర్చుంది.

కాన్‌బాన్‌కృష్ణ: అది లీన్ కాదు బాబాయ్. రివిజన్ వస్తే ఖర్చు ఎవరిదో పీవోలోనే (పర్చేజ్ ఆర్డర్) రాయించుకోవాల్సింది.

పాతటర్నర్: రాయమంటే పీవో పక్క షెడ్డుకి పోతుంది. ఇంతకీ నువ్వు ఏ కుర్చీలో కూర్చుంటావ్ తమ్ముడూ?

కాన్‌బాన్‌కృష్ణ: పర్చేజ్‌లో. స్టాక్ తగ్గించకపోతే నా అప్రైజల్ పోతుంది. నన్నేం చేయమంటావ్?

లేత్‌బాబాయ్: నిన్ను తిట్టట్లేదు బాబూ. ఆ 1,200 ఎవరివి, అది చెప్పు చాలు.

రాత్రిషిఫ్ట్: బాబాయ్, పాత బోరు ఎంత? మా పంపులకి ఓ నలభై పట్టొచ్చు.