షాకిరి కెరీర్: టాలెంట్ బెంచీ మీదే అరిగిపోయిందా?

నెల్లూరు రెడ్స్:
స్విట్జర్లాండ్ ఫుట్‌బాల్ వింగర్ జెర్దాన్ షాకిరి పేరెత్తితే నాకు బాధే మిగులుతుంది. 2011 డిసెంబర్‌లో ఇతని స్విస్ క్లబ్ బాసెల్ 2-1తో గెలిచి మాంచెస్టర్ యునైటెడ్‌ను ఛాంపియన్స్ లీగ్ నుంచి ఇంటికి పంపినప్పుడు ఇతని వయసు 20. ఎడమకాలితో ఆ డిఫెన్స్‌ను రాత్రంతా తిప్పలు పెట్టాడు. తర్వాత ఏమైంది? జర్మనీ క్లబ్ బేయర్న్‌లో రెండున్నరేళ్లు, ఇటలీ క్లబ్ ఇంటర్‌లో నిండా ఏడాది కూడా లేదు, ఇంగ్లండ్ క్లబ్ స్టోక్‌లో మూడేళ్లు, 2018లో ఆ టీమ్ రెలిగేట్ అయి కింది డివిజన్‌కి పడిపోతే లివర్‌పూల్. 2013లో, 2019లో రెండు ఛాంపియన్స్ లీగ్ మెడల్స్ వచ్చాయి. రెండు ఫైనల్స్‌లోనూ గ్రౌండ్‌లోకి దిగలేదు. లివర్‌పూల్ లీగ్ గెలిచిన 2019-20లో ఆడిన లీగ్ మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 30 ఏళ్లకే ఫ్రాన్స్ క్లబ్ లియాన్ నుంచి అమెరికా క్లబ్ షికాగోకి వెళ్లిపోయాడు. ఇది వృథా కాకపోతే ఇంకేమిటి? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఎడమకాలు:
నేను కాదంటాను అన్నా. మీరు చెప్పిన లెక్కలన్నీ నిజమే. కానీ అవన్నీ క్లబ్బుల లెక్కలు. స్విస్ జట్టు ఎర్ర జెర్సీ సంగతి ఒక్క ముక్క కూడా లేదు.

2014 నుంచి 2024 దాకా మూడు వరల్డ్ కప్‌లు, మూడు యూరోలు (యూరప్ దేశాల టోర్నీ). ఆరింటిలోనూ గోల్ కొట్టాడు, ఒక్కటీ వదల్లేదు. బ్రెజిల్ 2014లో మనౌస్ ఉక్కపోతలో హోండురస్ మీద హ్యాట్రిక్. 2016లో పోలండ్ మీద బాక్స్ అంచు నుంచి ఆ బైసికిల్ కిక్. 2018లో సెర్బియా మీద ఆఖరి నిమిషంలో ఒంటరిగా పరుగెత్తి కొట్టిన విన్నర్. 2021లో జరిగిన యూరోలో టర్కీ మీద రెండు, క్వార్టర్‌ఫైనల్లో స్పెయిన్ మీద ఒకటి. సుమారు తొంభై లక్షల జనాభా ఉన్న దేశానికి పదేళ్లపాటు ప్రతి టోర్నీలో ఒక గోల్ ఖాయం అనిపించిన ఆటగాడు. 125 మ్యాచ్‌లు, 32 గోల్స్.

2024లో కొలోన్‌లో స్కాట్లాండ్ మీద కొట్టింది మళ్లీ ఒకసారి చూడండి. డిఫెండర్ వెనక్కి ఇవ్వబోయిన పాస్ తనవైపు దొర్లుకుంటూ వస్తోంది. ఇంకొకరైతే ఆపి, తలెత్తి, గోలీ ఎక్కడున్నాడో చూసుకుంటారు. ఇతను ఆపలేదు. వస్తున్న బంతిని వస్తున్నట్టే ఎడమకాలితో వంచి పై మూలకు పంపాడు. అప్పటికి వయసు 32. ఆ కాలు ఎక్కడ అరిగిపోయిందో నాకైతే కనపడలేదు.

ఇక బెంచీ సంగతి. బేయర్న్‌లో ముందున్నవాళ్లు రాబెన్, రిబెరీ. లివర్‌పూల్‌లో సలా, మానే. ఆ రోజుల్లో ప్రపంచంలో ఏ వింగర్‌ని తెచ్చి ఆ టీముల్లో పెట్టినా బెంచీయే గతి. పైగా ఇతనిది కుడివైపు నుంచి లోపలికి వచ్చి, బంతి కాలి కిందకి తీసుకుని, ఒక పాస్‌తోనో షాట్‌తోనో మ్యాచ్ తిప్పేసే ఆట. లివర్‌పూల్ కోచ్ క్లోప్ టీమ్‌లో ముందు వరుసలో ఉన్నవాడు బంతి పోయిన మరుక్షణం వెంటపడాలి. స్విస్ కోచ్ పెట్కోవిచ్ మాత్రం ఇతన్ని స్వేచ్ఛగా తిరగనిచ్చాడు. తేడా అక్కడే ఉంది.

జూరిక్‌వాసి:
పాయింట్ బాగుంది కానీ పక్కనే స్విస్ మిడ్‌ఫీల్డర్ జాకా ఉన్నాడు కదండీ. ఇద్దరివీ కొసావో అల్బేనియన్ కుటుంబాలే, ఇద్దరూ బాసెల్ అకాడమీ నుంచే, ఇద్దరూ 2012లోనే జర్మనీ వెళ్లారు. జాకా గ్లాడ్‌బాహ్‌లో నాలుగేళ్లు, ఆర్సెనల్‌లో ఏడేళ్లు ఉన్నాడు. తర్వాత లెవర్కూసెన్‌తో ఒక్క ఓటమి కూడా లేకుండా బుందెస్‌లీగా గెలిచాడు, స్విస్ జట్టుకు అత్యధిక మ్యాచ్‌లు ఆడిన రికార్డూ అతనిదే. ఒకచోట కుదురుగా ఉండి పోరాడితే ఏం జరుగుతుందో ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. షాకిరికి ఆ ఓపిక లేదు.

ఎడమకాలు:
జాకా ఆట నాకూ చాలా ఇష్టం. కానీ 2019 అక్టోబర్‌లో క్రిస్టల్ పాలెస్‌తో ఆర్సెనల్ మ్యాచ్ గుర్తు చేసుకోండి. సొంత స్టేడియమే అరిచి గోల చేస్తే జెర్సీ విప్పి వెళ్లిపోయాడు, కెప్టెన్సీ పోయింది. జనవరి వచ్చేసరికి వెళ్లిపోవడానికి సిద్ధపడ్డాడు. అర్టెటా అనే కోచ్ వచ్చి కూర్చోబెట్టి మాట్లాడి ఆపాడు. షాకిరిని అలా ఆపినవాళ్లు పెద్ద క్లబ్బుల్లో ఎవరూ లేరు. ఓపిక అవసరమే, కాదనను. కానీ ఆటగాడి వెనక నిలబడే కోచ్ కూడా ఉండాలి కదా.

నెల్లూరు రెడ్స్:
లివర్‌పూల్ సంగతి నేను మాట్లాడతాను. 2018 డిసెంబర్‌లో యునైటెడ్ మీద 1-1 ఉన్నప్పుడు దిగి పది నిమిషాల్లో రెండు గోల్స్. రెండ్రోజుల్లో యునైటెడ్ కోచ్ మొరీన్యో ఉద్యోగం ఊడింది. 2019 ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో బార్సిలోనా మీద 4-0 రాత్రి సలా, ఫిర్మీనో ఇద్దరికీ గాయాలైతే ఇతనే మొదటి నుంచీ ఆడాడు. వైనాల్డమ్ హెడర్‌తో కొట్టిన రెండో గోల్‌కి ఎడమవైపు నుంచి ఆ క్రాస్ ఇచ్చింది ఇతనే. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నా బాధ కూడా అందుకే. ఆ క్రాస్ కొట్టగలిగినవాడు తర్వాతి సీజన్‌లో కనపడలేదు. పిక్క కండరం గాయాలు ఒక కారణం, ఒప్పుకుంటాను. అయినా ఫిట్‌నెస్ ఆటగాడి చేతిలో కొంతైనా ఉంటుంది.

కరీంనగర్ పదో నంబర్:
ఇద్దరూ అసలు కథ వదిలేశారు. 2024 ఆగస్టులో బాసెల్‌కి తిరిగొచ్చాడు. ముందు సీజన్‌లో ఆ టీమ్ పట్టికలో కింది సగంలో పడి కొట్టుకుంటోంది. ఇతను వచ్చిన సీజన్‌లోనే లీగ్ గెలిచారు, 2017 తర్వాత అదే మొదటిది. స్విస్ కప్ ఫైనల్లోనూ బీల్ మీద 4-1తో గెలిచారు. 33 ఏళ్లు నిండిన మనిషి 18 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్. షికాగోలో ఎంఎల్ఎస్ (అమెరికా లీగ్)లోనే అత్యధిక జీతాల్లో ఒకటి తీసుకుని టీమ్‌ను ప్లేఆఫ్స్‌కి చేర్చలేకపోయాడని తిట్టారు, ఆ తిట్టు న్యాయమే. కానీ టీమ్ మొత్తం తన చుట్టూ తిరిగితే ఏం చేస్తాడో బాసెల్‌లో చూపించాడు. వృథా అయినవాడు 33 ఏళ్లకి అలా ఆడలేడు.

జూరిక్‌వాసి:
ఇక్కడ ఆ గెలుపు చిన్న విషయం కాదు, అది మాత్రం నిజం. అయితే స్విస్ లీగ్‌లో 18 గోల్స్‌ని పెద్ద లీగులతో కలిపి తూచలేం.

నెల్లూరు రెడ్స్:
నేను అడిగేదీ అదే. బాసెల్ చూశాక నా అనుమానం ఇంకా పెరిగింది. టీమ్ తన చుట్టూ తిరగాలన్నది 23 ఏళ్లకే తెలిసి ఉండాలి. 2015 జనవరిలో బేయర్న్ వదిలినప్పుడు అలాంటి మధ్యస్థాయి క్లబ్ ఏదైనా చూసుకుని నాలుగైదేళ్లు అక్కడే రాజులా ఆడాల్సింది. ఇంటర్ వెళ్లి, ఏడు నెలల్లో స్టోక్‌కి మారి, మళ్లీ బెంచీ అని తెలిసి కూడా లివర్‌పూల్ ఎందుకు ఒప్పుకున్నట్టు?

ఎడమకాలు:
స్టోక్ మీరు చెప్పిన మధ్యస్థాయి క్లబ్బే కదా అన్నా. అప్పటి క్లబ్ రికార్డు ధర పెట్టి తెచ్చుకున్నారు, మూడేళ్లు ఉన్నాడు. టీమ్ మునిగిపోయిన ఆఖరి సీజన్‌లోనూ లీగ్‌లో ఎనిమిది గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత లివర్‌పూల్ పిలిస్తే 26 ఏళ్ల ఆటగాడు వద్దంటాడా? మీరైతే అనేవారా? వద్దని ఉంటే మీరు చెప్పిన ఆ హెడర్‌కి క్రాస్ ఇంకెవరు ఇచ్చేవారు?

2024లో ఇంగ్లండ్ మీద క్వార్టర్‌ఫైనల్ ఒక్కటి చెప్పి ఆపేస్తాను. ఎక్స్‌ట్రా టైమ్‌లో దిగాడు. కార్నర్ నుంచి నేరుగా గోల్‌లోకే వంచాడు, బంతి ఫ్రేమ్‌కి తగిలి బయటికి వచ్చింది. తర్వాత షూటౌట్‌లో తన పెనాల్టీ వేశాడు. టీమ్ 5-3తో ఓడింది. కొద్ది రోజులకే జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పాడు. ఆ కార్నర్ కొద్దిగా లోపలికి దిగి ఉంటే స్విట్జర్లాండ్ మొదటిసారి యూరో సెమీఫైనల్ ఆడేది, ఈ థ్రెడ్‌కి మీరు వేరే టైటిల్ పెట్టేవారు.