తుఫానుకి బోయా కొట్టుకుపోయింది, ఎవరికి చెప్పాలి?

నిజాంపేట నాని:
ఇక్కడ ఓడల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా పెద్దమ్మ కొడుకు కాకినాడ వైపు బోటు సరంగు. నిన్న రాత్రి ఫోన్ చేసి "ఒరేయ్, ఆకుపచ్చ బోయా దాని చోట లేదురా, కొట్టుకొచ్చి ఇసుక మేట మీద కూర్చుంది" అన్నాడు. బోయా అంటే బోట్లకి దారి చూపించడానికి గొలుసుతో కట్టి నీళ్ల మీద తేలేలా ఉంచే గుర్తు. ఫోటో పంపాడు. అడుగంతా గుల్లలు పట్టి, తెగిన గొలుసు ముక్క వేలాడుతూ, కాస్త ఒరిగి ఉంది, పైన దీపం మాత్రం ఇంకా వెలుగుతోందట. వేరే ఊరి బోటు ఒకటి రాత్రిపూట దాన్ని నమ్ముకుని వచ్చి మేటలో దిగబడి, మళ్లీ పోటు వచ్చేదాకా కదల్లేదు. నేను ఒక ఆఫీసుకి మెయిల్ పెడితే "మీరు చెప్పిన చోట బోయాలేవీ లేవు" అని ఒక్క లైన్ జవాబు. రోజూ ప్రగతినగర్ దారిలో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) బోర్డు చూస్తుంటా, నేరుగా గేటు దగ్గరికెళ్లి చెప్తే పనవుతుందా? నవ్వకండి, టెన్షన్‌లో అడుగుతున్నా.

సైనిక్‌పురి పాత నావికుడు:
నవ్వేదేముంది బాబూ. ఇన్‌కాయిస్ వాళ్లు అలలు, గాలులు, సునామీ గురించి చెప్తారు, దారి చూపే బోయాలు వాళ్ల చేతిలో ఉండవు. పోర్టు కాలువలో బోయా అయితే పోర్టువాళ్లది, లైట్‌హౌస్‌లకి కేంద్రంలో వేరే శాఖ ఉంది. మార్పు ఏదైనా సరే డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసుకి చేరాలి, సముద్రపు చార్టులు వేసేది వాళ్లే. ప్రపంచ సముద్రాలని హెచ్చరికల కోసం 21 ప్రాంతాలుగా పంచారు, మన 8వ ప్రాంతానికి హెచ్చరికలు అక్కడినుంచే వెళ్తాయి. అర్జంటువి శాటిలైట్ మీద, నావ్‌టెక్స్ (ఓడలోని మిషన్‌కి అక్షరాలుగా వచ్చే రేడియో సందేశం) మీద, చార్టు దిద్దుకోవాల్సినవి పక్షానికోసారి నోటీసుగా.

ఇంకోటి, బోయా పూర్తిగా పోతే నయం, సరంగు అనుమానపడి వేగం తగ్గిస్తాడు. ఇలా కొట్టుకొచ్చి వెలుగుతూ ఉంటేనే ప్రాణం మీదికొస్తుంది. మన దగ్గర రేవులోకి వచ్చేటప్పుడు ఆకుపచ్చ కుడిచేతి వైపు ఉండాలి. అది మేట మీదికి జరిగితే, దాన్ని పద్ధతిగా కుడివైపు పెట్టుకుని వచ్చినవాడే ఇసుకెక్కుతాడు. ఒక్కోసారి నేలే మారిపోతుంది, 2004 డిసెంబర్ 26 భూకంపానికి నికోబార్ దీవుల్లోని ఇందిరా పాయింట్ దగ్గర నేల 4 మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ అడుగు నీళ్లలోకి వెళ్లిపోయింది.

తెరచాప హుస్సేన్‌సాగర్:
మాకు ఇక్కడ సెయిలింగ్ రేసులో బోయా కదిలితే పెద్ద గొడవ, అంతకన్నా ఏం కాదు. ఇది చదివాక సిగ్గేసింది. నాని అన్నా, మెయిల్‌లో లొకేషన్ ఎలా రాశావ్? ఫోన్ డిగ్రీలని దశాంశంలో చూపిస్తుంది, చార్టు మీద డిగ్రీలు, నిమిషాలు ఉంటాయి. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి, ఫోన్‌లో 82.30 అంటే 82 డిగ్రీల 30 నిమిషాలు కాదు, 82 డిగ్రీల 18 నిమిషాలు. శిక్షణలో మా అందరికీ ఒకసారైనా పడిన తిట్టు ఇదే.

కూకట్‌పల్లి కాకినాడమ్మాయి:
తాతగారు చెప్పింది కరెక్టే గానీ ఆ నావ్‌టెక్స్ ఇంగ్లీషులో వస్తుంది, మా నాన్న బోటులో ఆ మిషనే లేదు. ఓడకి చేరిన హెచ్చరిక పక్కనే వెళ్తున్న బోటుకి చేరదు. అందుకే నాని గారూ, మెయిల్ ఎలాగూ పెట్టండి, కానీ ముందు మీ అన్నయ్య చేత తెలుగులో వాయిస్ మెసేజ్ చేయించి సరంగుల వాట్సాప్ గ్రూపుల్లో వేయించండి. ఏ బోయా, ఎప్పుడు చూశాడు, ఎటు జరిగింది, దీపం వెలుగుతోందా, ఇంతే. "జాగ్రత్త, జాగ్రత్త" అని అరిస్తే ఎవరూ పూర్తిగా వినరు. సముద్రంలో ఎవరికైనా ప్రమాదమైతే కోస్ట్‌గార్డ్ 1554.

నిజాంపేట నాని:
అయ్యో. ఇప్పుడే మెయిల్ తీసి చూశా. అన్నయ్య పంపింది 82.30, నేను నీట్‌గా ఉంటుందని 82 డిగ్రీల 30 నిమిషాలు అని టైపు చేశా. మ్యాప్‌లో పెడితే బోయాని 20 కిలోమీటర్లు తూర్పుకి, నడి సముద్రంలోకి తోసేశాను. పాపం ఆ ఆఫీసాయన రాసింది నిజమే, అక్కడ బోయా ఎందుకుంటుంది! రెండు రకాలుగానూ లొకేషన్ రాసి, ఫోటో జత చేసి, పోర్టుకీ డెహ్రాడూన్‌కీ ఇప్పుడే పంపా. అన్నయ్య వాయిస్ రికార్డు చేస్తున్నాడు, వెనక కోళ్ల గోల, మూడోసారి మొదలుపెట్టాడు.