అప్‌డేట్: చోడిపిండి (రాగిపిండి) కేకు ఇక విరగడం లేదు

దసరాకి ఒడిశాలోని జైపూర్ నుంచి రాయగడలో పిన్నిగారింటికి తీసుకెళ్లే చోడిపిండి కేకు పొడిపొడిగా రాలిపోతోందని, మధ్యలో కుంగిపోతోందని అడిగాను కదా. రెండూ సర్దుకున్నాయి.

రాలడానికి కారణం చోడిపిండిలో గ్లూటెన్ లేకపోవడమే. ఇక్కడ సంతలో మండియా అని అమ్మేదీ ఇదే. ఇప్పుడు కప్పు చోడిపిండికి కప్పు గోధుమపిండి కలుపుతున్నా. చోడిపిండిని మాత్రం ముందే ముప్పావు కప్పు పెరుగు, అరకప్పు పాలలో 20 నిమిషాలు నానబెట్టాలి, లేకపోతే నోట్లో ఇసకలా తగులుతుంది. తర్వాత కప్పు బెల్లం తురుము, పావు కప్పు పైచిలుకు నూనె. బెల్లం కరిగించి వడకడితే పూర్తిగా చల్లారాకే పోయండి.

కుంగడం నా తొందర వల్లే. అర చెంచా సోడా పెరుగు తగలగానే పొంగడం మొదలెడుతుంది. కలిపాక ఓవెన్ వేడెక్కేదాకా ఆగితే ఆ గాలంతా పోతుంది. అందుకే ముందు ఓవెన్ 170 డిగ్రీలకి వేడెక్కాలి, ఆ తర్వాతే గోధుమపిండిలో సోడా, చెంచా బేకింగ్ పౌడర్ జల్లించి కలపడం. 40 నిమిషాలు. అరగంటలోపు తలుపు తీయొద్దు.

బస్సులో తీసుకెళ్లాలంటే ముందురోజే చేసి, బాగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడిమీద మూత పెడితే ఆవిరికి చెమ్మపట్టి పైపొర జిగటవుతుంది. ముక్కలు అక్కడికెళ్లాకే కోయాలి.