అప్‌డేట్: ఆమ్‌స్టర్‌డామ్ నుంచి మార్కెన్ దాకా సైకిల్ మీద వెళ్లొచ్చాం

సైకిల్ వదిలేసి ఇరవై ఏళ్లయింది, మేమిద్దరం డచ్ పల్లెల్లో తిరగగలమా అని పోయిన నెల అడిగాను కదా. తిరిగొచ్చాం. ధైర్యం చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్.

సెంట్రల్ స్టేషన్ వెనక ఫెర్రీ ఎక్కాం, సైకిళ్లతో సహా ఉచితం. అవతలి ఒడ్డున కాసేపు తొక్కితే నగరం గోలే వినపడదు. డుర్గెర్‌డామ్ అనే పల్లె నుంచి దారంతా కట్ట వెంబడే: ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఆ నీళ్ల కంటే పల్లంలో పచ్చిక, మేస్తున్న గొర్రెలు. దారి తప్పుతామన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. సైకిల్ దారులు కలిసే చోట్లకి నంబర్లుంటాయి, మనకి కావాల్సిన జంక్షన్ నంబర్లు చీటీ మీద రాసుకుని, బోర్డులు చూసుకుంటూ పోయాం. మార్కెన్ 1957 దాకా దీవి, ఇప్పుడు కట్ట మీదుగా నేరుగా వెళ్లొచ్చు. అక్కడ మట్టి దిబ్బల మీద కట్టుకున్న చెక్క ఇళ్లు చూస్తే, వరదంటే ఎంత భయపడేవారో అర్థమవుతుంది.

కష్టమల్లా ఎదురుగాలే. నేల చదునే గానీ, తిరుగు ప్రయాణంలో గేర్లు లేని సైకిల్ ఎంత తొక్కినా ముందుకు కదల్లేదు. పైగా పెడల్ వెనక్కి తొక్కితేనే బ్రేక్ పడుతుంది. మీరు మాత్రం గేర్లున్న సైకిలే అద్దెకు తీసుకోండి.

వచ్చే వారం కిండర్‌డైక్ వెళ్తున్నాం, 19 గాలిమరలూ చూడాలి.